వారానికి ఒక్క పీరియడ్ పిల్లల్ని మాట్లాడనివ్వండి
పాఠశాల విద్యాశాఖకు ఒక ఇంగ్లిష్ టీచర్ బహిరంగ లేఖ

తెలంగాణ పాఠశాల విద్యాశాఖ ఉన్నతాధికారులకు, ఎస్‌సీఈఆర్‌టీలో పాఠ్యపుస్తకాలు, వార్షిక ప్రణాళికలు తయారుచేసే పెద్దలకు, మా బడులకు తనిఖీకి వచ్చే డీఈఓ, ఎంఈఓలకు నమస్కారం.

నేను దేవరకొండ వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఇంగ్లిష్ చెప్తాను. పద్దెనిమిదేళ్ళ సర్వీసు. మా పిల్లల్లో దాదాపు సగం మంది చుట్టుపక్కల తండాల నుంచి వస్తారు. ఇంట్లో లంబాడీల గోర్ బోలి, బయట తెలుగు, పుస్తకం తెరిస్తే ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగు. ఇన్ని భాషల మధ్య పెరుగుతున్న పిల్లలు తరగతి గదిలోకి రాగానే ఏ భాషలోనూ నోరు విప్పరు. గేటు బయట పిట్టల్లా కిచకిచలాడిన పిల్లలే, బెల్లు కొట్టాక "ఎస్ సార్", "నో సార్" దగ్గర ఆగిపోతారు.

పోయినేడాది తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయిని నోట్సులో తప్పులకు చాలాసార్లు కోప్పడ్డాను. బోర్డు మీద ఉన్నది ఒకటి, వాడు ఎక్కించుకున్నది ఇంకొకటి. కంటి పరీక్షలు చేసేవాళ్ళు బడికి వచ్చినప్పుడు తెలిసింది, మూడో బెంచీ నుంచి వాడికి బోర్డు కనబడదని. ఎప్పటినుంచి రా అంటే, ఏడో తరగతి నుంచి అన్నాడు. "మరి ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను. "మీరు అడగలే సార్" అన్నాడు.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. రెండేళ్ళలో మేమందరం కలిసి వాడిని కొన్ని వందల ప్రశ్నలు అడిగి ఉంటాం. అన్నీ పాఠం చివర ఉన్న ప్రశ్నలే. వాటికి జవాబులు మాకు ముందే తెలుసు. మాకు తెలుసని పిల్లలకూ తెలుసు. తెలిసిన మనిషికి తెలిసిన సంగతే మళ్ళీ చెప్పమంటే పిల్లవాడు ఏం చేస్తాడు? అప్పజెప్తాడు. అప్పజెప్పడం రానివాడు తల వంచుకుని నిలబడతాడు. ఎదుటివాళ్ళకు తెలియని సంగతి తన దగ్గర ఉండటం, దాన్ని వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాల్సి రావడం, ఈ అనుభవం మా తరగతి గదిలో పిల్లలకు ఏడాది పొడుగునా ఒక్కసారి కూడా దొరకడం లేదు. అది లేకుండా కమ్యూనికేషన్ స్కిల్స్ రమ్మంటే ఎక్కడినుంచి వస్తాయి?

ఆటలో ఆ అవసరం దానంతట అదే పుడుతుంది. మా ఎనిమిదో తరగతిలో ఏం జరిగిందో చెప్తాను.

ఆట చాలా చిన్నది. ఇద్దరు పిల్లలు వీపుకు వీపు ఆనించి కూర్చుంటారు. ఒకరి చేతిలో బొమ్మ, ఇంకొకరి చేతిలో తెల్లకాగితం, పెన్సిలు. బొమ్మ ఉన్నవాళ్ళు చెప్పాలి, కాగితం ఉన్నవాళ్ళు విని గీయాలి. వెనక్కి తిరగకూడదు. మా క్లాసులో రెండేళ్ళుగా గొంతు వినిపించని ఒక అమ్మాయికి బొమ్మ ఇచ్చాను. పెంకుటిల్లు, దాని పక్కన బోరింగు, ముందు వేపచెట్టు, చెట్టుకు కట్టేసిన మేక. గీసేది ఆమె ఊరి పిల్లవాడే.

"ఇల్లు గీయి" అంది. గీశాడు. "ఇటు దిక్కు బోరింగు గీయి" అంది, కుడిచెయ్యి చాపి చూపిస్తూ. వాడు అటువైపు తిరిగి ఉన్నాడు కదా, చెయ్యి ఎలా కనబడుతుంది? "ఎటు దిక్కు?" అన్నాడు. "ఇటే!" అని మళ్ళీ చెయ్యి చూపించింది. వాడు ఇంటి కప్పు మీద బోరింగు గీశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. ఆట ఆపేద్దామా అనుకున్నాను. అంతలో ఆమె తన చెయ్యి తానే చూసుకుంది. కాసేపు ఆగింది. "ఆగు, తుడిచెయ్. తలుపు మనదిక్కు ఉన్నదనుకో. తలుపుకు కుడిపక్కకు బోరింగు. ఇంటికి ఆనియ్యకు, నడుమ సందుండాలె" అంది.

అంత పొడుగు మాట ఆ అమ్మాయి నోట మా బడిలో ఎవరూ వినలేదు. మాట పొడుగు ఒక్కటే అయితే నేను ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. ఆమె ఆ కాసేపట్లో చేసిన పని చూడండి. తన కళ్ళకు కనబడేది అవతలివాడికి కనబడదని గ్రహించింది. వాడు కూర్చున్న చోటునుంచి చూసింది. ఇద్దరికీ తెలిసిన తలుపును గుర్తుగా పెట్టుకుంది. వాడు చేయబోయే తప్పును ముందే ఊహించి, ఇంటికి ఆనించొద్దని జాగ్రత్త చెప్పింది. డిగ్రీ చదివిన నేను కొత్తవాళ్ళకు మా బడికి దారి చెప్పేటప్పుడు ఇన్ని జాగ్రత్తలు తీసుకోను. ఇది నేను పాఠంగా చెప్తే బోర్డు మీద నాలుగు పాయింట్లు అయ్యేది, నోట్సులోకి ఎక్కేది. కప్పు మీద బోరింగు చూసి నవ్వుకున్న పిల్లలకు మాత్రం మళ్ళీ చెప్పాల్సిన పని లేకపోయింది. రెండో రౌండుకు గీసేవాళ్ళు కూడా మారిపోయారు. ఊరికే విని గీయడం మానేసి అడగడం మొదలుపెట్టారు. మేక ఎంత పెద్దగుంటది? తాడు పొడుగా, పొట్టా? మేక ఎటు చూస్తున్నది? బోర్డు కనబడటం లేదని రెండేళ్ళు చెప్పకుండా ఉన్న పిల్లవాడు నాకు అప్పుడు గుర్తొచ్చాడు. తెలియకపోతే అడగడం కూడా అలవాటుతోనే వస్తుంది.

మొదట ఇదంతా తెలుగులోనే ఆడించాను. ఇంగ్లిష్ టీచర్ తెలుగులో ఆడించడం ఏమిటని మా బడిలోనే ఒకరిద్దరు అన్నారు. 2022-23 నుంచి మన సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చింది. తల్లిదండ్రులు కోరుకున్నదే, నాకూ సంతోషమే. కానీ తన మాటలో దారి చెప్పడం రాని పిల్లవాడికి పరాయి మాటలో ఎలా వస్తుంది? చెప్పే తీరు సొంత భాషలో వంటబడితే ఇంగ్లిష్‌లోకి దాన్ని తెచ్చుకోవడం తేలిక. మూడు వారాల తర్వాత అదే ఆట ఇంగ్లిష్‌లో పెడితే "లెఫ్ట్", "రైట్", "నియర్", "బిహైండ్" అనే మాటల కోసం పిల్లలు వాళ్ళంతట వాళ్ళే నా దగ్గరికి వచ్చారు. ఆ ప్రిపొజిషన్ల పాఠం నేను అంతకుముందు మూడుసార్లు చెప్పి ఉన్నాను.

రెండో ఆట మనకు కొత్తదేమీ కాదు. అవధానంలో నిషిద్ధాక్షరి చూసే ఉంటారు. పృచ్ఛకుడు అక్షరం అక్షరానికీ అడ్డుపడుతుంటే అవధాని దారి మార్చుకుంటూ పద్యం పూర్తిచేస్తాడు. మా పిల్లలకు అక్షరాల బదులు మాటలు నిషేధిస్తాం. చీటీ మీద ఒక మాట ఉంటుంది, కింద వాడకూడని మాటలు నాలుగైదు ఉంటాయి. ఆ మాట అనకుండా, నిషేధించినవి వాడకుండా తన జట్టు చేత ఆ మాట చెప్పించాలి. ఒకరోజు తండా అబ్బాయికి "బస్సు" వచ్చింది. ప్రయాణం, డ్రైవర్, టికెట్, చక్రాలు, ఆర్టీసీ అనే మాటలు వాడకూడదు. వాడు చీటీ వంక చూస్తూ కాసేపు బిక్కమొహం వేశాడు. తర్వాత అన్నాడు: "మా అమ్మ పైసలియ్యకుంట ఎక్కుతది, మా నాయిన పైసలిచ్చి ఎక్కుతడు."

జట్టంతా ఒక్క గొంతుతో "బస్సు!" అని అరిచారు. 2023 డిసెంబరు నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు బస్సు ఉచితం కదా. ఏ పుస్తకంలోనూ లేని నిర్వచనం అది. తన ఇంట్లోంచి తెచ్చుకున్నాడు, వినేవాళ్ళకు ఏం తెలుసో లెక్కగట్టుకుని మరీ చెప్పాడు. ఇంగ్లిష్ రౌండులో అదే చీటీ ఇంకో జట్టుకు వెళ్తే, ఆ జట్టు అమ్మాయి వీడిని గుర్తుచేసుకుని "మదర్ ఫ్రీ. ఫాదర్ మనీ" అంది. క్రియ లేదు, వ్యాకరణం లేదు. అయినా అర్థం కానివాడు ఒక్కడూ లేడు. నేను అక్కడ ఆపి దిద్దలేదు. ఆట అయ్యాక, ఆ నాలుగు మాటల్ని పూర్తి వాక్యాలుగా ఎలా చెప్పొచ్చో అందరం కలిసి బోర్డు మీద రాశాం. భయం, టెన్షన్ ఉన్నప్పుడు విన్న భాష లోపలికి దిగదని భాషా శాస్త్రవేత్త స్టీఫెన్ క్రాషెన్ చెప్పిన సంగతి ఇంగ్లిష్ మెథడాలజీలో చదివి పరీక్షలో రాసినవాళ్ళం మేం. మాట మధ్యలో దిద్దితే ఆ అమ్మాయి మళ్ళీ ఎప్పుడు నోరు తెరుస్తుందో నాకు తెలియదు.

అన్ని ఆటలూ ఇలాగే పండాయని చెప్పను. మొదట్లో జట్లకు పాయింట్లు వేసి, గెలిచినవాళ్ళకు పెన్నులు ఇచ్చాను. ప్రతి జట్టులో గట్టిగా మాట్లాడే ఒకరిద్దరే ఆటంతా ఆడేశారు. మిగతావాళ్ళు వాళ్ళ వెనక దాక్కున్నారు, అదివరకు క్లాసులో దాక్కున్నట్టే. పెన్నులు మానేశాను. తర్వాత చింతగింజలు పట్టుకొచ్చాను. చర్చ పెట్టేటప్పుడు ఒక్కొక్కరికి మూడు గింజలు. మాట్లాడిన ప్రతిసారీ ఒక గింజ మధ్యలో పెట్టాలి. గింజలు అయిపోయినవాళ్ళు ఇక వినాల్సిందే. అందరి గింజలూ అయిపోతేగానీ ఆట ముగియదు. ఎక్కువ మాట్లాడేవాడు ఇప్పుడు ఏ మాటకు గింజ ఖర్చుపెట్టాలో ఆలోచిస్తున్నాడు. అతనే పక్కవాడిని "నీకాడ ఇంక రెండున్నయ్, చెప్పు" అని అడుగుతున్నాడు. వినడం కూడా కమ్యూనికేషన్‌లో సగభాగం అని మనం అంటుంటాం, దానికి మాత్రం ఒక్క పనీ పెట్టం. చింతగింజ ఆ పని పెట్టింది.

వైకుంఠపాళితో కూడా ఒకటి చేశాం. పాము నోట్లో పడ్డవాళ్ళు వెంటనే కిందికి దిగరు. ఎందుకు దిగకూడదో అర నిమిషం వాదించుకోవచ్చు. తోటివాళ్ళు ఒప్పుకుంటే అక్కడే ఉంటారు. పిల్లలు వాదించే తీరు వింటుంటే పీరియడ్ ఎప్పుడు అయిపోయిందో తెలియదు.

ఈ ఆటలకు ఖర్చు ఏమీ లేదు. చీటీలు, పెన్సిళ్ళు, చింతగింజలు, ఒక అట్టముక్క. అందుకే ఒక మాట ముందే చెప్పాలి. ఆటల ద్వారా నేర్పాలి అనగానే సాఫ్ట్‌వేర్ కొనే ఆలోచన చేయకండి. మా బడిలో ఇంటరాక్టివ్ ప్యానెల్ ఉంది, సైన్సు బొమ్మలు, వీడియోలు చూపించడానికి బాగా పనికొస్తుంది. కానీ దాని మీద క్విజ్ పెడితే పిల్లవాడు నాలుగు జవాబుల్లో ఒకదాన్ని వేలితో తాకి కూర్చుంటాడు. పక్కవాడితో ఒక్క మాట మాట్లాడాల్సిన పని ఉండదు. అది జ్ఞాపకశక్తికి ఆట కావచ్చు, మాటకు కాదు.

ఇక నా బాధ చెప్తాను. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి మా గదిలోకి వచ్చేసరికి పిల్లలు నేల మీద జతలు జతలుగా కూర్చుని ఉన్నారు. గది గోలగోలగా ఉంది. ఆయన గుమ్మంలోనే ఆగిపోయి, "ఇది పీఈటీ పీరియడా?" అన్నారు. కాదు సార్, ఇంగ్లిష్ అన్నాను. సిలబస్ ఎంతవరకు వచ్చిందని అడిగారు. నోటు పుస్తకాలు తిరగేశారు, రెండు చోట్ల నేను సంతకం మరిచిపోయిన పేజీలు చూపించారు. పిల్లల్ని ఒక్క మాట కూడా మాట్లాడించలేదు. రిజిస్టరులో "క్రమశిక్షణ మెరుగుపరచాలి" అని రాసి వెళ్ళారు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన చేతిలో ఉన్న ఫారంలో ఉన్నవే ఆయన చూశారు. కానీ మర్నాడు ఆ బోరింగు అమ్మాయి వచ్చి "సార్, ఇగ ఆట బందా?" అని అడిగింది. బంద్ కాదమ్మా అని చెప్పాను. చెప్పానే గానీ, ఆ తర్వాత రెండు వారాలు నేనే తలుపు దగ్గరేసి ఆడించాను. పిల్లలకు మాట్లాడే ధైర్యం నేర్పే టీచర్‌ని తలుపు మూసుకోవాల్సి రావడం నాకు సిగ్గనిపించింది.

ఇవన్నీ మీకు తెలియనివి కావు. ఉమ్మడి రాష్ట్రంలో ఏపీపెప్ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం) నడిచిన రోజుల్లో పనిచేసిన పెద్ద సార్లు ఇప్పటికీ ఆ ఆరు సూత్రాలు వల్లిస్తారు. చేస్తూ నేర్చుకోవాలని, జట్లుగా పనిచేయాలని, పరిసరాలను వాడుకోవాలని అప్పుడే చెప్పారు. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల మధ్య ఎప్పుడైనా పిల్లలకు 10 రోజులు బ్యాగు లేని రోజులు ఉండాలంది. 2023లో కేంద్రం తెచ్చిన జాదూయీ పిటారా పెట్టెలో ఆటలు, బొమ్మలు, చీటీలు ఉన్నాయి, కాకపోతే అది 3 నుంచి 8 ఏళ్ళ పిల్లలకు. చదవడం, రాయడం, లెక్కలు నేర్పే మన తొలిమెట్టు కార్యక్రమం కూడా ప్రాథమిక తరగతులకే. ఆట అంటే చిన్నపిల్లలకే అన్న నమ్మకం మనలో బలంగా ఉంది. ఆరో తరగతి గడప దాటగానే ఆట గ్రౌండులోకి, మాట ఇంటికి వెళ్ళిపోతాయి. నిజానికి నోరు మూతపడేది ఆ వయసులోనే. గొంతు మారుతున్న పిల్లవాడు, ఎవరు చూసి నవ్వుతారో అని భయపడే ఆడపిల్ల, వీళ్ళకే ఆట ఎక్కువ అవసరం. అక్కడ తప్పు మాట్లాడితే మార్కులు పోవు. మహా అయితే కప్పు మీద బోరింగు వస్తుంది.

మా ఇంగ్లిష్ పుస్తకాల్లో యూనిట్ చివర వినడం, మాట్లాడటం అభ్యాసాలు ఉంటాయి. రాసినవాళ్ళు మంచి మనసుతోనే రాశారు. బడుల్లో వాటి గతి ఏమిటో నిజం చెప్పాలంటే, పరీక్షలో రావు కాబట్టి దాటిపోతాం. నేనూ ఏళ్ళ తరబడి దాటిపోయినవాణ్ణే. ఎఫ్‌ఏ (ఏడాది మధ్యలో జరిగే ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కులకు పుస్తక సమీక్ష, రాతపని, ప్రాజెక్టు, స్లిప్ టెస్టు చూస్తాం. చివరికి అన్నీ కాగితం మీదే తేలతాయి. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో ఇంగ్లిష్ పేపరు రాసి బయటికి వచ్చేదాకా పిల్లవాడు నోరు తెరవాల్సిన పని లేదు. సీబీఎస్‌ఈ తన బడుల్లో 9, 10 తరగతులకు 2012-13లోనే వినడం, మాట్లాడటం మీద పరీక్ష తెచ్చింది. మన పిల్లలు ఇంటర్ అయ్యాకో, డిగ్రీ అయ్యాకో ఆ పిల్లల పక్కనే కూర్చుని ఇంటర్వ్యూ ఇవ్వాలి.

కాబట్టి అయ్యా, అమ్మా, నేను అడిగేది ఎక్కువ కాదు. 6 నుంచి 9 తరగతుల వరకు వారానికి ఒక్క పీరియడ్, 45 నిమిషాలు, మాటల ఆటలకు అని టైంటేబుల్లో రాసి ఇవ్వండి. భాషా ఉపాధ్యాయులం, తెలుగు, హిందీ, ఇంగ్లిష్ వాళ్ళం వంతులవారీగా తీసుకుంటాం. టైంటేబుల్లో పేరు ఉంటేనే ఆ పీరియడ్ బతుకుతుంది. లేకపోతే ఎఫ్‌ఏ ముందు, ఎస్‌ఏ (సమ్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షల ముందు, పదో తరగతి స్పెషల్ క్లాసుల ముందు అది మొదట బలవుతుంది. ఇది నేను మూడేళ్ళుగా చూస్తున్నదే.

తనిఖీ ఫారంలో ఒక్క వరుస చేర్చండి. వచ్చిన అధికారి ముగ్గురు పిల్లల మాట విన్నారా, ఏం విన్నారు, ఇంతే. ఆ వరుస ఉంటే మీవాళ్ళు పిల్లల పక్కన కూర్చుంటారు. మేం తలుపు తెరిచి పెట్టుకుంటాం.

శిక్షణ గురించి. చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే కాంప్లెక్స్ సమావేశాల్లో ఆటల మీద పీపీటీ చూపించి పంపకండి. మమ్మల్నే నేల మీద వీపుకు వీపు కూర్చోబెట్టండి. మా మండలంలో ఒకసారి నా తోటివాళ్ళు పది మందితో ఈ బొమ్మల ఆట ఆడించాను. ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెప్తున్న లెక్కల సారు ఒక త్రిభుజం పక్కన వృత్తం ఎలా గీయాలో చెప్పలేక మూడుసార్లు మొదటికి వచ్చారు. ఆట అయ్యాక ఆయనే అన్నారు, "పిల్లలకు నా మాట ఎట్ల వినబడుతదో ఇన్నేండ్లు అనుకోలే" అని. ఆ తర్వాతి సోమవారం నుంచి ఆయన జామెట్రీ క్లాసులో ఈ ఆట నడుస్తోంది.

మార్కుల విషయంలో నాకు రెండు మనసులు ఉన్నాయి. మార్కులు లేనిదేదీ మన బడుల్లో నిలవదు. అలాగని మార్కు పెట్టగానే దానికో రిజిస్టరు, ఫొటో, యాప్‌లో అప్‌లోడు వచ్చి పడతాయి, ఆట ఫొటో కోసం ఆడే ఆట అయిపోతుంది. ఎఫ్‌ఏలో ఐదు మార్కులు ఇద్దరేసి పిల్లలు కలిసి మాట్లాడుకునే పనికి ఇవ్వండి, ఆ మార్కు వేసే బాధ్యత టీచర్‌కే వదిలేయండి. ఇద్దరికీ కలిపి ఒకే మార్కు అయితే ఇంకా మంచిది. అవతలివాడికి అర్థమైతేనే తనకు మార్కు వస్తుందని తెలిసిన పిల్లవాడు అవతలివాడి ముఖం చూసి మాట్లాడతాడు. ఫొటోలు మాత్రం అడగకండి.

ముందు జిల్లాకు ఐదారు బడుల్లో ఒక ఏడాది చూద్దామన్నా సరే. మా బడి పేరు మొదట రాసుకోండి. ఏ ఆట నడిచింది, ఏది చెడింది, ఎవరు మాట్లాడారు, ఎవరు మాట్లాడలేదు అన్నీ రాసి పంపుతాను. చెడిన ఆటల జాబితా కూడా దాచకుండా పంపుతాను, అది మిగతావాళ్ళకు ఎక్కువ పనికొస్తుంది.

మా మాటల ఆట ప్రతి గురువారం మధ్యాహ్నం, అన్నం తిన్న తర్వాత మొదటి పీరియడ్‌లో. ముందుగా చెప్పి రావాల్సిన పని లేదు, తలుపు తెరిచే ఉంటుంది. మీరు వస్తే ఆ అమ్మాయి పక్కన చోటిస్తాం. ఈసారి బొమ్మ మీ చేతికి ఇస్తాం. మీరు చెప్పండి, ఆమె గీస్తుంది.

ఇట్లు,
దేవరకొండ ప్రాంతపు ఒక ఇంగ్లిష్ ఉపాధ్యాయుడు